కుడి చెవిలో బిరడా

మీటరు బావ నన్ను స్పీకర్ల కొట్లోంచి పంపేసి ఎనిమిది నెలలు. మా అక్క మొగుడు. పెన్ను పెట్టుకోవాల్సిన జేబులో కరెంటు కొలిచే మీటరు పెట్టుకు తిరుగుతాడు కాబట్టి బజారంతా ఆయన్ని మీటరు అంటారు. నన్ను చెవి అనేవాళ్ళు. "చెవి ఉన్నాడా?" అని అడిగి, బావని దాటుకుని, నేరుగా వెనక నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు జనం. అది ఆయనకి కంట్లో నలుసు. ఆ నలుసు తీసేసుకోవడానికి ఒక రోజు దొరికింది, తీసేసుకున్నాడు, పరాయి మనిషి ముందర, ముప్పయ్యేళ్ళుగా ఆ బల్ల దగ్గరున్న మనిషిని, "ఇంటికెళ్ళు" అన్న ఒక్క మాటతో. ఆ రోజు ఆ స్పీకరు కాయిలు చచ్చింది. చచ్చిందంటే చచ్చిందే, నా చెవితో నేను విన్నాను. నేను అటు తిరిగినప్పుడు బావ ఏదో వైరు మార్చి దాన్ని మోగించాడు, నన్ను వెర్రివాణ్ణి చేయడానికి. ఈ మాట ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే నాకు నేను చెప్పుకుంటున్నాను, మాత్ర వేసుకున్నట్టు. ఇవాళ మాత్రం దానికి కూడా తీరిక లేదు. పన్నెండైంది. ఒంటిగంటకి ఆయన వస్తాడు.

ఒంటిగంటకి పళ్ళ డాక్టరమ్మ కూడా భోజనానికి వస్తుంది, ఈ ఇల్లు ఆవిడది, ఈ సినిమా గది ఆవిడ ముచ్చట. కిటికీ లేని గది, గోడలకి బూడిదరంగు గుడ్డ, కాళ్ళు దిగబడే తివాచీ, ముందు తెర, మధ్యలో ముగ్గురు పట్టే సోఫా, ఒక మూల సబ్‌వూఫరు, నల్లటి పెట్టె, ఇరవై ఎనిమిది కిలోలు. బావే అమ్మాడు. అమ్మిన రోజు నుంచి ఆవిడ గోల ఒక్కటే: పెట్టె మోగితే కింద వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి, పక్కింటాయన వచ్చి తలుపు కొడతాడు, సోఫాలో కూర్చున్న తనకి మాత్రం ఏమీ అందదు. బావ కొత్తగా పెట్టుకున్న ఇంజినీర్లిద్దరూ మైకు నిలబెట్టి, ల్యాప్‌టాపులో గీతలు గీసి, రెండు రోజులు కూర్చుని, గీత బాగానే ఉందండీ అని చెప్పి పోయారట. గీత వినడానికి కూర్చుంటుందా ఎవరైనా? అప్పుడు గుర్తొచ్చాను నేను. పొద్దున ఫోను. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు. పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. చిక్కిపోయాడు, వ్యాపారం దెబ్బతిని ఉంటుంది అనుకున్నాను, అబద్ధమెందుకు, కాస్త సంతోషించాను కూడా. "ఒరేయ్, ఒకసారి వెళ్ళి చూడు. నేను ఒంటిగంటకి వస్తా. కుదిరిందంటే సోమవారం నుంచి కొట్టుకొచ్చెయ్." కుదరకపోతే? అది ఆయన అనలేదు. అనక్కర్లేదు. కుదరకపోతే నేను చెవిని కాను, బజారులో నాకు ఇంకో పేరు లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది, చూసినవాళ్ళు నవ్వుతారు. సబ్‌వూఫరు పాట పాడదు, మాట చెప్పదు, పాట కింద ఉండే దద్దరిల్లే మోత, ఆ అడుగు బరువు ఒక్కటే మోస్తుంది, ఆ బరువు గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చి తనని తానే ఒకచోట మింగేసుకుంటుంది, ఒకచోట రెట్టింపవుతుంది. ఎక్కడ ఏమవుతుందో చూసి చెప్పలేం. అందుకని పెట్టెని ఎత్తి మనిషి కూర్చునే సోఫాలో కూర్చోబెట్టి, మనిషి పెట్టెలాగా నేలమీదికి దిగి, గోడ వెంబడి పాకాలి. ఎక్కడ నిండుగా, ఉబ్బకుండా వినపడుతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు. రేపు పెట్టె అక్కడ ఉంటే సోఫాలో మనిషికి అలాగే వినపడుతుంది. ఈ కిటుకు నాకు చెప్పిన మేస్త్రి బడి మొహం చూడలేదు, నేను ఏడు చదివి ఆపేశాను, మా ఇద్దరినీ మించిన చదువు ఆ పాకుడులో ఉంది. ఇంకొకటి కూడా చెప్పాడు ఆయన. కుడి చేత్తో బటన్లు తిప్పుతాం కాబట్టి ఎడమ చెవి పెట్టెకి ఆనించు, కుడి చెవిలో బిరడా పెట్టు, లేకపోతే గది నిన్ను మోసం చేస్తుంది అని. దూదిలో మైనం కలిపి నలిపి ఆయన చేసిచ్చిన బిరడా అరిగిపోయింది గానీ అలాంటివే చేసుకుంటూ వస్తున్నాను, మందుబిళ్ళల డబ్బాలో, చొక్కా జేబులో. బావకి మీటరు, నాకు ఇది.

ఎత్తాను. నడుము కలుక్కుమంది. డాక్టరమ్మ కూర్చునే చోట పెట్టెని కూర్చోబెట్టాను, ఎదర జల్లెడ మూతతో అది పెళ్ళిచూపులకి వచ్చినట్టు బుద్ధిగా కూర్చుంది. ఫోనులోంచి ముప్పై ఐదో నంబరు మోత పెట్టాను, వాటిని హెర్ట్జులంటారట, మేం నంబర్లంటాం. కుడి చెవిలో బిరడా. మోకాళ్ళ మీదికి. గోడ ఎడమ పక్క, గడియారం ముల్లు తిరిగే వైపు, ముప్పయ్యేళ్ళుగా ఇటే పాకుతున్నాను. మొదటి గోడ, తెర కింద. ఒక అడుగు. రెండు. ఏమీ లేదు. తివాచీ దుమ్ము ముక్కులోకి పోయింది. మూల తిరిగాను, మూలలో ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది, చంటిపిల్లాడి పొట్టలాగా, ఏ గదిలోనైనా సరే. ఏమీ లేదు. రెండో గోడ. సగం. ఏమీ లేదు. ఏదో ఒకచోట మింగేస్తుందన్నాను గానీ ఇంత ఆకలి గల గది నేను చూడలేదు. లేచి సోఫా దగ్గరికి వెళ్ళి బిరడా తీసి వంగితే పెట్టె గర్జిస్తూనే ఉంది, పచ్చ దీపం వెలుగుతోంది, వైరు గట్టిగానే ఉంది, వెనక మోత దిశ తిప్పే స్విచ్చి సున్నా వైపే, అంటే మామూలుగానే ఉంది. మళ్ళీ గోడ దగ్గరికి, బిరడా, మోకాళ్ళు. ఏమీ లేదు. పన్నెండూ పది. చెమట. ఏసీ వేయమని అడగాలా? ఈ గోడ గుడ్డ వెనక ఏం పెట్టించాడు బావ, ఏదో దూది పలకలు, మోత తాగేసేవి, నన్ను పిలిచి ఓడించడానికే కదూ, ఒంటిగంటకి వచ్చి డాక్టరమ్మ ముందర జేబులోంచి మీటరు తీస్తాడు, ఆ రోజు తీసినట్టే.

ఆ రోజు కస్టమరు రిటైరైన హెడ్మాస్టరు. సబ్‌వూఫరు గీరుతున్నట్టు ఉంది, చూడమని తెచ్చాడు. ముందు కొట్లో పాటల హోరు, ఆయన అక్కడే నిలబడ్డాడు, వెనక బల్ల మీద నేను మామూలుగానే, ఎడమ చెవి ఆనించి, కుడి చెవిలో బిరడా పెట్టి, కుడి చేత్తో శబ్దం పెంచాను. నిశ్శబ్దం. ఇంకా పెంచాను. నిశ్శబ్దం. కాయిలు చచ్చిందండీ అన్నాను. "అదేంటయ్యా, ఇంట్లో మోగిందిగా?" అన్నాడు ఆయన. దారిలో చచ్చింది అన్నాను, బ్లేడు తీశాను, మాట్లాడుతూనే కోను, అదే మోగే కాయితం గరాటు, దాని అంచు చుట్టూ కోసేశాను, అంచు రబ్బరు మెత్తగా, కొత్తదిలా తెగింది. అప్పుడు వచ్చాడు బావ, మీటరు ముళ్ళు రెండూ పెట్టి, "నాలుగు ఓములు చూపిస్తోంది కదరా, కాయిలు నిక్షేపంలా ఉంది" అన్నాడు. మీటరుకేం తెలుసు అన్నాను. బావ నన్ను పక్కకి జరగమని వైరు తగిలించాడు. తెగిన కోను అంచులు పట్టుతప్పిన గొడుగులా కొట్టుకుంటుంటే పెట్టె మోగింది. అది మాత్రం చూశాను, విన్నాను, అప్పటికి నా బిరడా చేతిలో ఉంది. హెడ్మాస్టరు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "బతికున్నవాడికి పోస్టుమార్టం చేశాడండీ మీవాడు" అన్నాడు. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. "ఏ క్లాసు దాకా చదివావోయ్?" ఏడు అన్నాను. "అదీ సంగతి. బతికున్నదేదో చచ్చినదేదో ఎనిమిదిలో చెప్తారు." ఇంకా నవ్వారు. బావ నవ్వలేదు, అది ఒప్పుకుంటాను. ఆయనకి కొత్త పెట్టె ఇచ్చి పంపి, నాకేసి చూడకుండా, ఇంటికెళ్ళు అన్నాడు. మా అక్క ఆ సాయంత్రం వచ్చి, "ఏరా, తప్పయిపోయింది బావా అని ఒక్క ముక్క అనలేకపోయావా?" అంది. చేయని తప్పుకా? వైరు మార్చిందెవరు?

పన్నెండూ ఇరవై. మూడో గోడకి అడ్డంగా ఇంజినీర్ల బీరువా, యాంప్లిఫయరూ బ్యాటరీలూ పేర్చి గోడకి బిగించేశారు, నాలాంటి లావుపాటివాడు దూరడు. సగం గది అవతలే ఉండిపోయింది. తలుపు దగ్గర నుంచి ఎదురు పాకాలి, అంటే గోడ కుడిపక్కకొస్తుంది, అంటే బిరడా ఎడమ చెవిలో పెట్టుకోవాలి. ముప్పయ్యేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు, కొత్త చెప్పులు వేసుకున్నట్టుంది. మైనం ఆ చెవి లోపలి ఒంపులు ఎరగదు. నొక్కాను. మోకాళ్ళ మీదికి దిగానో లేదో, మోత. నేలలోంచి లేచి, దవడ పక్క నుంచి లోపలికి వచ్చి కూర్చుంది. ఎంత నిండుగా ఉందంటే ఎవరో గదిలోకి వచ్చారనుకుని తల తిప్పాను. వచ్చింది, దొరికింది అనుకుని, ఆత్రంగా పాకుతూ తెర కిందికి, ఇందాక ఏమీ లేని మొదటి గోడ కిందికి వచ్చాను. అక్కడా ఉంది. మూలలోనూ ఉంది, చంటిపిల్లాడి పొట్ట. అంటే పెట్టె ఇందాక ఆగి, ఇప్పుడు లేచిందన్నమాట. ఈ కొత్త పెట్టెలు అంతే, కాసేపు పని లేకపోతే వాటంతటవే నిద్రపోతాయి, ఆ నిద్ర స్విచ్చి తీసేయాలి, ఇంజినీర్లకి అది కూడా తెలీదు. ఎంత తేలికైన సంగతి. నవ్వొచ్చింది.

"ఏం బాబూ, గోడతో రహస్యాలా?" డాక్టరమ్మ అత్తగారు, తలుపు దగ్గర, చేతిలో ప్లాస్టిక్ కుర్చీ. చూస్తూ కూర్చోవడానికి తెచ్చుకుంది, తివాచీ మీద వేసుకుని కూర్చుంది కూడా. ఆవిడ గొంతు నా కుడి చెవికి ఎంత దగ్గరగా ఉంది. ఇందాక పెట్టె కాసేపు ఆగింది కదమ్మా అన్నాను. "ఆగడమా? నువ్వొచ్చిన దగ్గర్నుంచి ఒకటే మోత! నా పళ్ళసెట్టు గ్లాసులో వేస్తే గ్లాసు కదులుతోంది. మా కోడలు పీకిన పళ్ళు, నువ్వు కదిలిస్తున్నావు." ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒక్క నిమిషం కూడా ఆగలేదా అమ్మా? "దేవుడి తోడు. చెవులు పనిచేస్తున్నాయి నాకు, పళ్ళే లేవు."

మూలలోనే కూర్చుండిపోయాను. బిరడా తీశాను, రెండు చెవులూ తెరిచి ఉన్నాయి, మోత ఉంది. కుడి చెవిలో పెట్టాను. పోయింది. తలుపు వేసినట్టు కాదు, దీపం ఆర్పినట్టు కాదు, అసలు ఎప్పుడూ లేనట్టు. అత్తగారు ఏదో అంటోంది, మాట వినపడుతోంది, పలచగా, రేకు డబ్బాలోంచి. తీశాను. ఎడమ చెవిలో పెట్టాను. ఉంది. తీశాను. పెట్టాను. నాలుగుసార్లు. అరచెయ్యి తివాచీకి ఆనించి మళ్ళీ కుడి చెవి మూశాను, అరచేతికి తెలుస్తోంది, సన్నగా చీమలు నడిచినట్టు, చెవికి తెలియడం లేదు. రేకు డబ్బా గొంతు. పొద్దున బావ ఫోను ఏ చెవికి పెట్టుకున్నాను? ఎడమ. ఎప్పుడూ ఎడమే. ఆయన చిక్కిపోలేదు. ఫ్రిజ్ మోగుతోందే అని మా ఆవిడతో గొడవపడ్డాను కదా పోయిన ఏడు, వెనక రేకు విప్పి సామాను హాల్లో పరిచాను, అది ప్లగ్గు తీసేశాక కూడా మోగుతోందని అంటే, "ఏమండీ, ఫ్రిజ్ కాదు, మీకే మోగుతోంది, చెవుల డాక్టరుకి చూపించుకోండి" అంది, నాకా, బజారంతా చెవి అని పిలిచేవాడికా, చెవుల డాక్టరా అని మూడు రోజులు మాట్లాడలేదు. పిలిస్తే నేను పలకనని అంటుంది, ఏ పక్కన నిలబడి పిలుస్తుంది? ఎడమ పక్క పడుకుంటుంది. చెవిలో నీళ్ళు పోయినట్టు బరువుగా ఉంటే స్నానం అనుకున్నాను. ముప్పయ్యేళ్ళు ప్రతి పెట్టె మొహానికీ ఆ చెవే ఆనించాను, చచ్చిన పెట్టెకీ, అరిచే పెట్టెకీ, ఆ మోతంతా తినీ తినీ, అడుగు బరువంతా ఒక్కటే మోసీ మోసీ, అదే చచ్చింది. మరి హెడ్మాస్టరు పెట్టె? ఎడమ చెవి ఆనించి, కుడి చెవిలో బిరడా. నిశ్శబ్దం. కోను అంచు కొత్తదిలా మెత్తగా తెగడం. బావ ఏ వైరూ మార్చలేదు. మార్చడానికి అక్కడ ఏముంది, రెండే వైర్లు. ఎనిమిది నెలల మాత్ర నాలిక మీద ఒక్కసారిగా చేదెక్కింది. దానికి ముందు ఇంకెన్ని? పనికిరావని నేను కోసి చెత్తలో పారేసిన కోన్లు, కాయిలు మార్చాలని నేను నమ్మించిన వాళ్ళు, ఎప్పటి నుంచి, ఏ సంవత్సరం నుంచి, ఎవరు చెప్తారు?

"ఏంటి నాయనా, కళ్ళు తిరిగాయా? నీళ్ళు తేనా?"

వద్దమ్మా. పన్నెండూ ముప్పై ఐదు. లేచి వెళ్ళిపోవచ్చు. గది బాగాలేదని బావకి ఫోనులో చెప్పి, మెట్లు దిగి, బస్సెక్కి. అప్పుడు ఎవరికీ తెలీదు. అప్పుడు సోమవారం కూడా లేదు. మోకాళ్ళ మీదికి దిగాను. కుడి చెవి ఉంది కదా. కుడి చెవికి ఏదీ నేర్పలేదు నేను, అది ఇన్నాళ్ళూ బిరడా పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది, ఇవాళ దాన్ని లోపలికి పిలిచి ముప్పయ్యేళ్ళ పని అప్పగిస్తే తడబడింది. ఇదీ బాగున్నట్టుంది, అదీ బాగున్నట్టుంది. మూలలో బాగా ఉంది అంటుంది, పిచ్చిది, మూలలో అందరికీ బాగానే ఉంటుంది, ఊది పెంచిన బలం అది. నిదానం. ముప్పై ఐదు, నలభై, యాభై ఐదు, నంబర్లు మారుస్తూ, ఒకటి లేచి ఒకటి పడిపోకుండా అన్నీ ఒక ఎత్తున ఉండే చోటు. తెర కింద యాభై ఐదు పడిపోయింది. కుడి గోడ వెంబడి, తలుపు వైపు, అడుగు, ఇంకో అడుగు, చదునవుతోంది, ఇంకో అడుగు, కుర్చీ కాళ్ళు అడ్డొచ్చాయి.

"కాస్త లేస్తారా అమ్మా? మీరు కూర్చున్న చోటే అన్నిటికంటే మంచిచోటు."

"ఈ ముక్క మా కోడలు వచ్చాక ఇంకోసారి అను" అంటూ లేచింది.

కుర్చీ కిందే. మూల నుంచి ఆరడుగుల మీద నాలుగంగుళాలు. సుద్దతో గీశాను. పెట్టెని సోఫా మీంచి దించి మోసుకొచ్చాను, కింద మందపాటి రబ్బరు బిళ్ళలు నాలుగు పెట్టాను, వంటింటి గిన్నెలకి ఇక ప్రాణం రాదు. ముందు జల్లెడ తీసి మరలు చూశాను, రెండు వదులయ్యాయి, ఆరు నెలలకోసారి బిగించాలని ఎవరూ చెప్పరు. దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపాను, దుమ్ముపీల్చే మిషను పెడితే కోను పీల్చుకుపోయి చిరుగుతుంది. శబ్దం సగానికి తగ్గించాను. వెనక స్విచ్చి అటూ ఇటూ వేసి చూసి, సున్నా మీదే ఉంచాను. సోఫాలో డాక్టరమ్మ చోట కూర్చున్నాను. వచ్చింది. గుండెల కింద, ఎముక వెనక, ఎవరో చెయ్యి పెట్టినట్టు. అత్తగారి గ్లాసు కదలడం లేదట, వెళ్ళి చూసొచ్చింది.

పన్నెండూ నలభై ఎనిమిది. పని అయిపోయింది. ఇంక ఊరికే కూర్చుని ఉంటే చాలు. సోమవారం నా బల్ల, నా దీపం, నా బ్లేడు. బ్లేడు. మంగళవారం ఎవరో ఒక పెట్టె తెస్తారు, నేను వంగుతాను, మెడ దానంతటదే ఎడమకి వంగుతుంది, ముప్పయ్యేళ్ళ మెడ. పెట్టె ముందు చతికిలబడ్డాను. కుడి చెవిలో బిరడా పెట్టి, ఎడమ చెవిని కోనుకి జానెడు దూరంలో ఉంచి, అరచెయ్యి పెట్టె మీద వేసి, ఫోనులో ఇరవై నుంచి ఒక్కొక్క నంబరే పెంచుకుంటూ పోయాను. ఇరవై నాలుగు, అరచెయ్యి అంది ఉంది, చెవి అనలేదు. నలభై. అరవై. అరచేతిలో తుమ్మెదలు. ఎనభై. ఇదే కదూ చెవుల డాక్టరు చేసే పరీక్ష, ఆయన దగ్గరికి వెళ్ళను అన్నాను. నూరు. నూట పది. నూట పదిహేడు దాకా ఏమీ లేదు. నూట పద్దెనిమిది దగ్గర సన్నటి దారం. ఒకటికి మూడుసార్లు చూశాను. బిరడా మార్చి కుడి చెవితో చూస్తే ఇరవై నాలుగుకే మొదలైంది. అంతకింద పెట్టెకే లేదు.

మెట్ల మీద మాటలు. డాక్టరమ్మ చెప్పుల చప్పుడు, వెనక బావ. "ఏరా, అయిందా?" ఎడమ చెవిలో బిరడా అలాగే ఉండిపోయింది, ఆయన గొంతు మొత్తం కుడి చెవిలోకి వచ్చింది, లావుగా, కొట్లో అరిచే గొంతు, ఒక్క అణువు చిక్కలేదు. డాక్టరమ్మ చేతిసంచీ కింద పెట్టకుండానే సోఫాలో కూర్చుంది, నేను సినిమాలో తుఫాను వచ్చే ముక్క వేశాను, ఆవిడ చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది. "ఇదండీ! ఇది కావాలి నాకు! ఇన్నాళ్ళూ ఏం చేశారండీ మీ ఇంజినీర్లు?" అత్తగారు, "నా కుర్చీ చోటమ్మా అది" అంది. బావ సుద్దగీత చూశాడు, పెట్టె చూశాడు, నన్ను చూశాడు, ఎనిమిది నెలల తర్వాత తిన్నగా.

"సోమవారం వచ్చెయ్. నీ బల్ల ఎవరూ ముట్టుకోలేదు." నా చెవికేసి చూశాడు. "అదేంట్రా, బిరడా అటు పెట్టావు? ఎప్పుడూ కుడి చెవిలో కదా?"

తీసి అరచేతిలో పట్టుకున్నాను. మైనానికి ఆ చెవి ఒంపులు అచ్చుపడ్డాయి. చెమట పట్టిందనో, అటు దురదగా ఉందనో అనొచ్చు. ఆయన నమ్ముతాడు. అంత నమ్మబట్టే ముప్పయ్యేళ్ళు నా మాట మీద కోన్లు కోయించాడు.

"హెడ్మాస్టరు కాయిలు బాగానే ఉంది, బావా" అన్నాను.

అర్థం కాకో, అర్థమయ్యో, అలవాటుగా బావ చెయ్యి జేబులో మీటరు మీదికి పోయింది.

"అందనిది నా చెవికి. నేను కొలిచాను. ఎడమది. ఇరవై నాలుగు నుంచి నూట పదిహేడు దాకా. తొంభై నాలుగు నంబర్లు."